మైళ్ళు ఎవరి పేరు మీద పడ్డాయి?

మొన్న పొద్దున పెద్దవూర స్టేజీ దగ్గర హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డాను. పక్కన అరవై దాటిన భార్యాభర్తలు రెండు పెద్ద పెట్టెలతో ఉన్నారు. కొడుకు దగ్గరికి డల్లాస్ పోతున్నారట. అక్కడ నాలుగు నెలలుండి తిరిగొచ్చి, నెల ఆగి, బిడ్డ పురుటికి మళ్ళీ సిడ్నీ పోవాలట. టికెట్లు ఎవరు తీశారని అడిగితే, "పిల్లలే ఫోన్ల తీసిన్రు సారూ, మాకేమెరుక" అన్నాడాయన. విమానంలో పోయిన దూరం జమై తర్వాత ఉచిత టికెట్టు తెచ్చే మైళ్ళ ఖాతా ఉందా అంటే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. రెండుసార్లు సగం భూమి దాటి వస్తారు, ఒక్క మైలు కూడా వాళ్ళ పేరున పడదు.

మా రోజుల్లో టికెట్టు అంటే పుస్తకం. ఎర్ర కార్బను అంటిన పల్చటి కాగితాలు, ఒక్కో పుస్తకానికి నాలుగు కూపన్లు. విమానం ఎక్కినప్పుడల్లా ఒకటి చింపుకునేవాళ్ళు. 2008 జూన్ నుంచి ప్రపంచమంతటా ఆ కాగితం టికెట్లు పోయాయి. పోతే పోయాయి గాని, వాటితోపాటు టికెట్టును చదివే అలవాటు కూడా పోయింది. ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఏ తరగతి అక్షరం, ఎన్నాళ్ళు చెల్లుతుంది, తేదీ మార్చుకోవచ్చా, ఎంత బరువు, అన్నీ ఆ కాగితం మీదే ఉండేవి. పట్టాదారు పాసుపుస్తకం చూసినంత శ్రద్ధగా చూసేవాళ్ళం.

2004లో మాదీ ఆ స్టేజీ దగ్గరి దంపతుల పరిస్థితే. కొడుకు డల్లాస్‌లో, బిడ్డ సిడ్నీలో. ఆ ఏడు బత్తాయి పంట బాగా వచ్చింది. ఆ డబ్బు పట్టుకుని ఆబిడ్స్‌లో ఒక ఏజెంటు దగ్గరికి పోయాను. రెండు రానుపోను టికెట్లు కావాలంటే ఆ పెద్దమనిషి తల అడ్డంగా ఊపి గ్లోబు ముందు పెట్టాడు. "రెండు సార్లెందుకు? ఒకేవైపు తిరిగి రండి" అన్నాడు. బొంబాయి నుంచి సింగపూరు, సిడ్నీ, శాన్‌ఫ్రాన్సిస్కో, డల్లాస్, ఫ్రాంక్‌ఫర్ట్, మళ్ళీ బొంబాయి. ఆరు కూపన్లు, రెండు పుస్తకాలు.

భూమి చుట్టూ తిరిగే టికెట్టు గొప్పింటివాళ్ళ సరదా అనుకుంటారు మనవాళ్ళు. కాదు. పిల్లలు భూమికి ఆ పక్కొకరు ఈ పక్కొకరు స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులకు కుట్టించినట్టు సరిపోయే టికెట్టు అది. స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమి టికెట్టుకు అప్పట్లో మైళ్ళ మెట్ల లెక్క ఉండేది: 29 వేలు, 34 వేలు, 39 వేలు. నేను చెప్పిన దారి మొత్తం కూడితే 24 వేల మైళ్ళ దగ్గరికి వస్తుంది, అంటే కింది మెట్టులోనే ఇమిడిపోయింది. వన్‌వరల్డ్ అనే ఇంకో కూటమి టికెట్లలో ఒకదానికి ఖండాల లెక్క, పదహారు విమానాల దాకా. తూర్పుకు బయల్దేరితే తూర్పుకే సాగాలి, అట్లాంటిక్, పసిఫిక్ రెండూ దాటాలి, ఏడాది లోపల బయల్దేరిన దేశానికే తిరిగి చేరాలి. ఏ దేశంలో మొదలుపెడితే ఆ దేశపు ధర, కాబట్టి అడిగి చూసుకోవాలి. మేం అలా తూర్పుకు పోతూ సిడ్నీలో మధ్యాహ్నం ఎక్కి, అదే రోజు పొద్దున శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగితే మా ఆవిడ గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

బయల్దేరే ముందే ఇద్దరి పేర్లా ఒకే కూటమిలో ఖాతాలు తెరిపించాడు ఆ ఏజెంటు. నా మైళ్ళు పడ్డాయి, ఆమెవి పడలేదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక చోట, ఖాతాలో మరో చోట. మనవాళ్ళ ఇంటిపేరు ముందుంటుంది, విమాన సంస్థ ఫారాల్లో చివర ఉంటుంది. ఆ సంస్థ మూడు నెలలు తిప్పించింది. బోర్డింగు పాసుల ముక్కలన్నీ ఇనప్పెట్టెలో దాచి ఉంచాను కాబట్టి చివరికి ఒప్పుకున్నారు. తర్వాతి ప్రయాణం మైళ్ళు కూడా కలిస్తే మా ఆవిడకు సింగపూరుకు ఒక రానుపోను టికెట్టు వచ్చింది, పన్నులు మాత్రం కట్టాం. అది ఆమె సంపాదన. ఆమె అట్లాగే చెప్పుకునేది.

ఇప్పుడు సౌఖ్యాలు పెరిగాయి, కాదనను. 2008 మార్చిలో శంషాబాద్ వచ్చాక మాల్, ఇబ్రహీంపట్నం దాటితే ఎయిర్‌పోర్టే. బొంబాయిలో అర్ధరాత్రి పెట్టెలు మోసుకుంటూ ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి పోయే అవస్థ లేదు. కాని మిగతాదంతా బిగించారు. అమెరికాకు మేం తలా 32 కిలోల పెట్టెలు రెండు తీసుకుపోయాం. ఇప్పుడు 23 కిలోలు. పచ్చడి సీసా తూకం వేసుకోవాలి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఈ మైళ్ళ పథకం మొదలుపెట్టినప్పుడు ఎంత దూరం పోతే అన్ని మైళ్ళు. 2015లో డెల్టా, యునైటెడ్, మరుసటేడు అమెరికన్ కూడా దూరాన్ని వదిలి, పెట్టిన డబ్బును బట్టి ఇవ్వసాగాయి. మిగతా చోట్ల టికెట్టు మీది ఆ తరగతి అక్షరాన్ని బట్టి దూరంలో నూరు శాతమో, పాతికో, సున్నానో.

లెక్క కఠినమైనప్పుడు ఇంకా జాగ్రత్తగా చదవాలి గదా! చదవరు. రాత్రి పదకొండింటికి ఫోన్లో అన్నిటికంటే తక్కువ అంకె కనబడితే నొక్కేస్తారు. పోను ఒక కంపెనీ, రాను ఇంకో కంపెనీ. "విడివిడిగా తీస్తే చవక నాయినా" అంటాడు మా వాడు. ఒక్క చోటికే పోయి రావాలంటే చవకే, ఒప్పుకుంటాను. కాని విడి టికెట్ల మీద మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఆ నష్టం ప్రయాణికుడిదే. ఇంగ్లీషు రాని తల్లి పరాయి ఎయిర్‌పోర్టులో కూలబడి ఉంటే, మిగిలిన ఆ డబ్బు ఏం చేసుకుంటారు?

దసరాకు ఊరికి వచ్చే పిల్లలకు నా మాట. అమ్మానాన్నల పాస్‌పోర్టులు ముందు పెట్టుకోండి. ఇంటిపేరు అక్షరం అక్షరం చూసి, ఇద్దరికీ చెరో ఖాతా, ఒకే కూటమిలో తెరవండి. రెండు దేశాలు తిరగాల్సి ఉంటే చుట్టు టికెట్టు ధర కూడా ఒకసారి అడగండి. బోర్డింగు పాసులు పారెయ్యొద్దని వాళ్ళకు చెప్పండి. ఇది అరగంట పని.