తాళం చేతికొస్తే బండి ఆగినట్టే

మా రోజుల్లో కారు ఆగిందా, ఇంకా నడుస్తోందా అని ఒకరినొకరు అడగాల్సిన పనే ఉండేది కాదు. తాళం వెనక్కి తిప్పి బయటికి లాగామంటే ఇంజన్ ఆగినట్టే. తాళం జేబులో ఉందంటే బండి కదలదు. చీకట్లోనైనా, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినా, ఆ సంగతి చేతికి తెలిసిపోయేది. ఇప్పుడు మా అబ్బాయి కొన్న హైబ్రిడ్‌లో కూర్చుంటే, బండి ఆగి ఉందో, కాలు పెడితే దూకడానికి సిద్ధంగా ఉందో తెలుసుకోవడానికి డ్యాష్‌బోర్డు మీద చిన్న అక్షరాలు వెతుక్కోవాలి.

అప్పుడంతా సుఖమేనని నేననను. అంబాసిడర్ ముందు బంపరు కంతలోంచి హ్యాండిల్ దూర్చి తిప్పిన చేతులివి. చలికాలం తెల్లవారుజామున బ్యాటరీ దిగిపోతే ఆ హ్యాండిలే దిక్కు. అయితే దాన్ని నా చేతికిచ్చే ముందు మా డ్రైవరు వెంకన్న బాబాయి నా వేళ్ళు పట్టుకుని చూపించాడు. బొటనవేలు మిగతా వేళ్ళ వైపే ఉండాలి, పిడికిలి బిగించకూడదు, ఇంజన్ ఎదురు తన్నితే వేలు విరుగుతుంది అని. చోక్ ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి తొయ్యాలో, పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిస్తే ఎంతసేపు ఊరుకోవాలో, అన్నీ పక్కన నిలబడి నేర్పేవాళ్ళు. బండి ఇచ్చిన వాడిది ఆ బాధ్యత.

ఆ తర్వాతి తాళానికి నాలుగు మెట్లుండేవి. మొదటిదాంట్లో స్టీరింగు బిగుసుకునేది. రెండోదాంట్లో రేడియో పలికేది. మూడోదాంట్లో ఎర్ర దీపాలు వెలిగేవి. నాలుగోదాంట్లో సెల్ఫ్ తిరిగి ఇంజన్ అందుకోగానే చెయ్యి వదిలితే, స్ప్రింగు తాళాన్ని మూడో మెట్టుకు తెచ్చేది. తాళంతోనే సెల్ఫ్ తిప్పే ఈ పద్ధతిని అమెరికాలో క్రైస్లర్ వాళ్ళు 1949లో తెచ్చారు. యాభై ఏళ్ళకు పైగా ప్రపంచమంతా దానికి అలవాటు పడింది. ఎవరి కారెక్కినా చెయ్యి అదే పని చేసేది.

ఇప్పుడు ఆ నాలుగు మెట్లనూ ఒక్క గుండ్రటి బటన్లో కుక్కారు. చాలా హైబ్రిడ్లలో లెక్క ఇది: బ్రేకు తొక్కకుండా ఒకసారి నొక్కితే యాక్సెసరీ, అంటే పాటల వరకు. రెండోసారి నొక్కితే ఆన్, దీపాలూ అద్దాలూ వైపర్లూ పనిచేస్తాయి. మూడోసారి నొక్కితే ఆఫ్. అదే బ్రేకు తొక్కి నొక్కితే నేరుగా ‘రెడీ’. రెడీ అంటేనే బండి నడుస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలోనూ చాలావాటిది ఇదే వరస. టెస్లా మోడల్ 3లో ఆ బటన్ కూడా లేదు. ఫోను దగ్గరుంటేనో, కార్డు ఆనిస్తేనో చాలు, కూర్చుని బ్రేకు తొక్కి గేరు వేస్తే వెళ్ళిపోతుంది.

నాలుగు స్థితుల్లోనూ బటన్ ఒకే చోట, ఒకే ఎత్తులో ఉంటుంది. చేత్తో తడిమితే ఏమీ తెలియదు. పైగా కొన్ని బండ్లలో బటన్ మీది దీపం పూర్తిగా ఆఫ్‌లోనూ వెలగదు, రెడీలోనూ వెలగదు! ఇది ఎవరి తెలివో నాకు బోధపడదు. చప్పుడు విని తెలుసుకుందామా అంటే ఎలక్ట్రిక్ బండికి ఇంజనే లేదు. హైబ్రిడ్‌లో ఇంజను ఉన్నా దాని అవసరం వచ్చినప్పుడే లేస్తుంది. పాత కారులో ఇంజన్ ఆగి ఉండగా యాక్సిలరేటర్ తొక్కితే ఏమీ అయ్యేది కాదు. ఇక్కడ రెడీలో గేరు వేసి ఉన్న బండి నిశ్శబ్దంగా ఉండగానే కాలు పడితే, మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. ఎదురుగా గేటుందా, పిల్లలున్నారా అని దానికి తెలియదు.

చిన్న బ్యాటరీ సంగతి మాత్రం నేను ప్రతి ఇంట్లోనూ చెప్తున్నాను, ఎవరూ పట్టించుకోవడం లేదు. హైబ్రిడ్‌లోనూ ఎలక్ట్రిక్ కారులోనూ రెండు బ్యాటరీలుంటాయి. పెద్దది బండిని నడిపేది, వందల వోల్టులది. రెండోది మన పాత 12 వోల్టుల బ్యాటరీయే. దీపాలు, పాటలు, తలుపుల లాకులు, కంప్యూటర్లు దాని మీదే బతుకుతాయి. సాధారణంగా బండి రెడీలో ఉన్నప్పుడే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి కరెంటు అందుతుంది. యాక్సెసరీలోనో, ఆన్‌లోనో పెట్టి గంటలు గంటలు పాటలు వింటే చిన్నది ఖాళీ అవుతుంది. అది పడుకుంటే పెద్దది నిండుగా ఉన్నా లాభం లేదు, ఎందుకంటే పెద్ద బ్యాటరీని బండికి కలిపే స్విచ్చులు మూసుకోవడానికి ఆ 12 వోల్టులే కావాలి. గాదె నిండా వడ్లుండి, తాళంచెవి గాదెలోనే పడిపోయినట్టు. మా రోజుల్లో అయితే నలుగురం తోసి, రెండో గేరులో క్లచ్ వదిలితే బండి అందుకునేది. హైబ్రిడ్‌ని ఊరంతా కలిసి తోసినా లాభం లేదు. ఇంకో బ్యాటరీ నుంచి తీగలు కలపాల్సిందే.

ఏసీ కూడా అంతే. పెళ్ళిమండపం బయట ఎండలో కూర్చుని, ‘ఆన్‌లోనే పెట్టాం కదా, చల్లగాలి రాదేం?’ అంటారు. ఆన్‌లో ఫ్యానే తిరుగుతుంది, కంప్రెసరు రెడీలో తప్ప పనిచేయదు. రెడీలో పెట్టుకుని కూర్చుంటారా, కూర్చోండి. గేరు పీలో, అంటే పార్కులో, ఉందో లేదో చూసుకోండి. వెనక సీట్లో చిన్నపిల్లల్ని వదిలి మాత్రం దిగకండి.

ఇక జేబులో తాళం. మా మేనల్లుడు విజయవాడ స్టేషన్లో రత్నాచల్ ఎక్కడానికి దిగాడు. బండి రెడీలోనే ఉంది, భార్య ఇటు సీట్లోంచి అటు మారి నడుపుకుంటూ వెళ్ళిపోయింది. తాళం ఆయన జేబులో విశాఖపట్నం పోయింది. బండి ఏదో కూత పెట్టింది, స్టేషన్ గోలలో ఎవరికీ వినపడలేదు. నడుస్తున్న బండి తాళం దూరమైనా ఆగదు. ఆగితే మాత్రం మళ్ళీ లేవదు. ఆ అమ్మాయి రైతు బజారు దగ్గర ఆపింది, అక్కడే నిలిచిపోయింది. “మావయ్య గారూ, కారు చచ్చిపోయింది” అని నాకు ఫోను. కారు బాగానే ఉందమ్మా, ఇంట్లో రెండో తాళం ఉంటుంది, ఆటోలో పంపిస్తాను, కదలకు అన్నాను. తాళంలోని చిన్న సెల్లు అయిపోయినా ఇలాగే అనుకుంటారు. ఆ తాళాన్ని బటన్‌కి ఆనించి నొక్కితే చాలా కార్లు గుర్తుపడతాయి. తలుపు తెరవడానికి ఆ తాళంలోనే ఇనుప చెవి దాగి ఉంటుంది. కొన్నవాళ్ళలో సగం మందికి అది బయటికి వస్తుందనే తెలియదు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే మన పెద్దవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. అక్కడ గ్యారేజీ ఇంటికి ఆనుకునే ఉంటుంది. హైబ్రిడ్ లోపలికి వచ్చేసరికి ఇంజన్ ఆగి ఉంటుంది, ఆఫ్ చేశామనుకుని లోపలికి వెళ్ళిపోతారు. బండి ఇంకా రెడీలోనే ఉంటుంది. కాసేపటికి పెద్ద బ్యాటరీ తగ్గితే ఇంజన్ దానంతటదే లేస్తుంది. మూసిన గ్యారేజీలోంచి కార్బన్ మోనాక్సైడ్ పడకగదుల్లోకి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తాళం తిప్పకుండా బటన్‌తో నడిచే బండ్ల వల్ల 2006 నుంచి పాతికమందికి పైగా ఇలా చనిపోయారని 2018లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. చనిపోయినవాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. టయోటా వాళ్ళు 2020 మోడళ్ళ నుంచి దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పెట్టారు. 2021లో అమెరికా చట్టంలోనూ దీనికి నిబంధన తెమ్మన్నారు. అన్ని ప్రాణాలు పోయాక! అంతకు ముందు కొన్న బండ్లు ఇంకా రోడ్ల మీదే ఉన్నాయి. మన అపార్టుమెంట్ల సెల్లార్లకూ ఇది వర్తిస్తుంది.

వేగంలో ఉండగా ఆపాలంటే ఎలా? తాళమైతే ఒక మెట్టు వెనక్కి తిప్పేవాళ్ళం. 2009లో కాలిఫోర్నియాలో ఒక లెక్సస్ కారులో యాక్సిలరేటర్ కాళ్ళ కింది చాపలో ఇరుక్కుపోయింది. అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. ఆ కారు పరుగులో ఉండగా ఆగాలంటే బటన్‌ని మూడు సెకన్లు నొక్కి పట్టుకోవాలి. అంత భయంలో ఆ మూడు సెకన్ల సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎవరు చెప్పారు గనక? కొన్ని బండ్లలో వరసగా మూడుసార్లు నొక్కినా ఆగుతుంది. మీ బండిది ఏ పద్ధతో మీకు ముందే తెలిసి ఉండాలి.

సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసే మా తరం అలవాటు కూడా హైబ్రిడ్‌కి పనికిరాదు. న్యూట్రల్‌లో పెద్ద బ్యాటరీ నిండదు. ఎక్కువసేపు ఆగాలంటే పీలో పెట్టుకోవాలి.

షోరూములో బండి ఇచ్చే రోజు దండ వేస్తారు, నిమ్మకాయలు పెడతారు, ఫొటోలు తీస్తారు, ఫోన్‌లో యాప్ పెట్టి పాటలు ఎలా కలపాలో అరగంట చెప్తారు. బటన్ గురించి “బ్రేకు తొక్కి నొక్కండి సార్” అని ఒక్క ముక్క. ఆ కుర్రాడి తప్పు కూడా లేదు, వాడికి నేర్పినవాడు లేడు. మీరు వదలకండి. బ్రేకు తొక్కకుండా నొక్కించి ప్రతి స్థితీ చూపించమనండి. రెడీ అనే మాట డ్యాష్‌బోర్డు మీద ఎక్కడ వెలుగుతుందో, గేరు పీలో లేకుండా నొక్కితే ఏమవుతుందో అడగండి, ఎందుకంటే కొన్ని బండ్లు అప్పుడు పూర్తిగా ఆఫ్ అవకుండా యాక్సెసరీలోనే ఉండిపోతాయి. పరుగులో ఎలా ఆపాలో, 12 వోల్టుల బ్యాటరీ ఎక్కడుందో, తాళంలో సెల్లు అయిపోతే ఎక్కడ ఆనించాలో చెప్పించుకోండి. ఇంట్లో ఆ బండి నడిపే ప్రతివాళ్ళనీ, ముఖ్యంగా పెద్దవాళ్ళనీ, వెంట తీసుకెళ్ళి వాళ్ళ చేతులతోనే నొక్కించండి. అది పూర్తయ్యాకే డెలివరీ కాగితం మీద సంతకం పెట్టండి.