గుజరీ విశ్వకర్మ

నంది కొండల నీడ మొదలుకొని చిత్రావతీ తీరము వరకు, అనగా చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి అను మూడు పట్టణముల నడుమ, తెలుగును కన్నడమును ఒకే వాక్యమున కలిపి నిరాటంకముగ మాటలాడు జనుల మధ్య, లోకము పారవేసిన వస్తువులోనే పరమార్థమును దర్శించు మానవుడొకడు కలడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదైనను కానిండు, పాతసామానును గుజరీ యనుట ఇచటి వాడుక గనుక, వీధివారు మాత్రము అతనిని గుజరీ విశ్వకర్మ యందురు. ఏ ఊర వెదకినను ఇట్టివాడొకడు తప్పక దొరకును. ఇరువురు దొరకినచో వారికి మాటలుండవు. ఏలననగా ఇరువురును ఏనాడో ఒకే పాత కార్బురేటరుపై కన్ను వేసియుందురు.

సామాన్యులు ఒక వస్తువును చూచినప్పుడు అది చేయుచున్న పనిని చూతురు; ఇతడు అది మూలబడిన పిమ్మట చేయబోవు పనిని చూచును. ధనవంతుడై సంతులేని మేనమామను పరామర్శింప వచ్చిన వారసుడు ఎంతటి ఆప్యాయతతో ఆరోగ్యమును విచారించునో, అంతటి ఆప్యాయతతోనే ఇతడు ఇరుగుపొరుగువారి మిక్సీల, ఫ్యానుల, మోపెడ్ల కుశలమడుగును. "ఇంకా నడస్తా ఉండాదా?" అని ప్రశ్నించి, "ఉండాది" అను ప్రత్యుత్తరమును విన్న క్షణమున అతని ముఖమున కదలాడు నిరాశను బాగేపల్లి గృహిణులు చక్కగ ఎరుగుదురు. కావుననే అతడు వాకిట అడుగిడిన తోడనే వంటింటి తలుపు దగ్గరగా వేయబడును. కన్నతల్లియే ఒకనాడు వీధికి వినబడునట్లు "ఒరే నాయనా, గ్రైండరు ఇంకా తిరగతా ఉండాదిరా, దాని మింద చెయ్యి పెట్టద్దు!" అని ప్రాధేయపడినదన్నచో ఇతరుల సంగతి చెప్పనేల?

ఇట్టి మహనీయుని చెవిని, ఏ దుర్ముహూర్తముననో, హాట్ రాడ్ అను మాట పడినది. అమెరికాలో కాలిఫోర్నియా యువకులు 1930 ప్రాంతమున చౌకగా దొరకు పాత ఫోర్డు కార్లను కొని, మడ్‌గార్డులు మున్నగు బరువులను ఊడబెరికి, ఇంజనుకు బలము కూర్చి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల పర్రపై పందెములు తోలెడివారు. 1932లో ఫోర్డు సంస్థ ఎనిమిది సిలిండర్ల ఇంజనును సామాన్యుని కారులో అమర్చుటతో ఈ వ్యసనము మరింత ముదిరినది. 1948 జనవరి నాటికి దానికొక మాసపత్రికయు వెలసినది. ఈ వృత్తాంతమంతయు విని మన విశ్వకర్మ పలికిన మాట ఒక్కటియే: "ఎండిన చెరువులే కావల్లంటే అమెరికాకు యాలప్పా పోవల్ల?"

అతని వాదమునకు పెద్దల అండయు లేకపోలేదు. చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దేనహళ్ళిలో జన్మించిన, పూర్వికుల ఊరైన మోక్షగుండమును ఇంటిపేరుగ ధరించిన విశ్వేశ్వరయ్యగారు, 1935లో విదేశములకేగి మోటారు కర్మాగారములను పరిశీలించి వచ్చి, ఈ దేశముననే కార్లు నిర్మింపవలెనని పథకము సిద్ధపరచిరి. నాటి ఆంగ్ల ప్రభుత్వము తోడ్పడలేదు. "ఆయనకు సర్కారు అడ్డం పడె, నాకు మా అమ్మ అడ్డం పడతా ఉండాది" అని మన కథానాయకుడు ఆ పరంపరలో తన స్థానమును తానే నిర్ణయించుకొనెను.

కారు లేనివాడు కారు కట్టదలచినచో ఏ భాగమును ముందుగ చేయవలెను? ఇంజనందుమా, దానికి ధనము కావలెను; చట్రమందుమా, దానికి స్థలము కావలెను. స్టీరింగు చక్రమొక్కటియే మంచముపై కూర్చుండి, ఒడిలో పెట్టుకొని చేయదగినది. చేయుచున్నంత సేపు చేతులతో పట్టుకొని అటునిటు తిప్పుచు, నోటితో ఇంజను ధ్వని కావించుచు, సగము ప్రయాణమును అప్పుడే ముగింపదగినది. కావున చక్రమునకే శ్రీకారము చుట్టబడెను.

దాని అంగములు మూడు తాలూకాల నుండి సమకూడినవి. వలయము, శిడ్లఘట్టలో పట్టు తీయుట మాని తుప్పునకు అంకితమైన ఒక చరకా చక్రపుది. మూడు ఆకులు, చింతామణిలో మూతపడిన హోటలు దోసెపెనము నుండి కోయబడినవి. వేలకొలది దోసెలు కాలిన ఆ ఇనుమునకు పాత పందెపు కార్ల పద్ధతిలో పెద్దవి మొదలు చిన్నవి వరకు వరుసగ రంధ్రములు తొలిచినప్పుడు, డ్రిల్లింగు యంత్రము వద్ద నూనె కమ్మదనము వ్యాపించినదని అతడు నేటికిని ప్రమాణము చేయును. పట్టుకొను భాగమునకు, పడగొట్టిన ఇంటి ద్వారబంధపు పనసచెక్క ముక్కలు చెక్కి, అరాల్డైటుతో అతికి, ఇత్తడి రివిట్లు బిగింపబడెను. హారను మీట, తాతగారి మర్ఫీ రేడియో నాబు. నడుమనుండు బాసు మాత్రము పాత జీపుదే కావలసి వచ్చినది. స్టీరింగు కడ్డీ కొనయందలి పండ్లకు దాని లోపలి పండ్లు సరిగా కూర్చుండనిచో, చక్రము ఒక దారిని బండి ఒక దారిని పోవునను సత్యమును ఇట్టి కల్పనాశీలియు తోసిపుచ్చలేడు.

వెల్డింగు వేడికి ఇనుము వంగును. చిక్కబళ్ళాపురములోని లేతు పనివాడు చక్రమును యంత్రమునకు బిగించి తిప్పి, సుద్దముక్కను కదలకుండ అంచు చెంత పట్టుకొనగా, ఉబ్బిన వైపు మాత్రమే తెల్లగీత పడినది. "అన్నా, ఒక పక్క లేసింది, ఒక పక్క పడుండాది" అని అతడు తీర్పు చెప్పెను. విశ్వకర్మ చలింపలేదు. "మన రోడ్లు మాత్రం సమంగా ఉండాయా?" అని ఎదురు ప్రశ్న వేసి, సుత్తి నందుకొనెను.

తుదకు చక్రము సిద్ధమైనది. అందమైనదని శత్రువులును ఒప్పుకొనిరి. దానిని మేనమామ జీపునకు బిగించిరి. చక్రము చిన్నదైన కొలది చేతికి బలము చాలదు. 16 అంగుళముల చక్రముతో తిరుగు బండిని 12 అంగుళముల దానితో తిప్పవలెనన్న మూడవవంతు అధికశక్తి కావలెను. ఆ లెక్క మేనమామకు తెలియదు, భుజములకు తెలిసినది. "ఏమిరా, దీన్ని తిప్పల్లంటే నాతో పాటు ఇంకొకడు కావల్ల కదరా!" అని మొదటి మలుపుననే బండి నిలిపివేసెను.

అంతట చట్టమును ప్రవేశించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టపు 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు నిర్దేశించిన లక్షణములకు భిన్నముగ బండిని మార్చరాదు. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమును ఆ మాటనే గట్టిపరచినది. ఇన్‌స్పెక్టరు ఈ విషయమును మర్యాదగనే విన్నవింపగా, మనవాడు చరిత్రకెక్కెను: 1894లో ప్యారిస్ నుండి రువాన్‌కు జరిగిన పోటీలో వాషెరాన్ అను ఫ్రెంచివాడు పిడికట్టెను తొలగించి తన కారునకు చక్రము బిగించినాడనియు, "ఆ పొద్దు మీరుండింటే మనమింకా కట్టె పట్టుకొనే తోల్తా ఉండేవాళ్ళం సార్" అనియు వాదించెను. ఇన్‌స్పెక్టరు నవ్వెను, కాని పాత చక్రము తిరిగి బిగించిన గాని బండిని పోనీయలేదు.

ఇన్ని పరాభవముల నుండి అతడు గ్రహించిన నీతి యేమి? చక్రమున దోషము లేదు, దోషము బండిదే. కావున అట్టి చక్రమునకు తగిన బండిని వెదకు కార్యమున నేడతడు నిమగ్నుడై యున్నాడు. వీథిలోని నడచు బండ్ల యజమానులందరును ఆందోళనలో నున్నారు.

అయినను అతనిని నిష్ప్రయోజకుడనుట న్యాయము కాదు. చింతామణి మార్కెట్టునకు టొమాటోలు తోలు టెంపో అర్ధరాత్రమున యాక్సిలరేటరు వైరు తెగి నిలిచినచో, తెల్లవారు లోపల సరకు చేరనిచో రైతు గతి యేమని డ్రైవరు తల పట్టుకొన్నచో, లేపదగినవాడు అతడొక్కడే. లుంగీ ఎగగట్టి వచ్చి, మంచము క్రింది రాశి నుండి సరియైన పొడవు గల సైకిలు బ్రేకు వైరును చీకటిలో తడిమియే తీసి, బిగించి, బండిని సాగనంపును. రూపాయి యిచ్చినను పుచ్చుకొనడు. "దుడ్డు యాలప్పా? ఆ తెగిన వైరు ఇచ్చిపో, చాలు" అనును.

మొన్న ఒక డ్రైవరు ఆ మాట విని, అంతవరకు కాలితో తన్నిన తెగిన వైరును వంగి యెత్తి, దీపపు వెలుతురున అటునిటు త్రిప్పి చూచి, ఇంతటివాడు కోరుచున్నాడన్న ఇందులో ఏదో ఉండకపోదని తలపోసి, చుట్టచుట్టి చొక్కా జేబులో వేసికొని పోయెను. చింతామణిలో ఇక ఏ ఇంటి గ్రైండరునకు ఆపద మూడనున్నదో!