ఓటెందుకేశామంటే…

ఫలితాలొచ్చిన రోజు టీవీ విశ్లేషకులంతా ఓటరు మహా తెలివైనవాడని ఒప్పుకుంటారు. అలాంటి తెలివైనవాళ్ళు మా ఇంట్లోనే నలుగురున్నారు గనుక ఆ తెలివి ఎలా పనిచేస్తుందో నాకు కాస్త తెలుసు.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకీ కలిపి పోలింగు. ఆ వారాంతం హైదరాబాద్ సగం ఖాళీ. పంతంగి టోల్‌గేటు దగ్గర సంక్రాంతికి నిలిచినట్టు కార్లు నిలిచాయి. అంత దూరం, అంత ఎండలో, సొంత పెట్రోలు పోసుకుని వచ్చినవాళ్ళు ఎవరికి వెయ్యాలో తేల్చుకోకుండా వస్తారా? అందరూ ఎప్పుడో తేల్చేసుకున్నారు. ఎందుకో మాత్రం దారిలో ఆలోచించుకుంటున్నారు.

తెనాలి దగ్గర మా ఊళ్ళో బాబాయి రిటైరైన లెక్కల మాస్టారు. ఆయనకొక సిద్ధాంతం ఉంది. "పార్టీని చూసి కాదురా, అభ్యర్థిని చూసి వెయ్యాలి" అంటారు. బంగారంలాంటి మాట. ఏం చిత్రమో గానీ ఇన్నేళ్ళలో ఆయన కంటికి ఆనిన అభ్యర్థులంతా ఒకే పార్టీలో దొరికారు. "మనవాడని కాదు, మంచివాడని" అని కూడా అంటారు. మనవాడు కాని మంచివాడు ఆయనకింకా తగల్లేదు.

నేను పట్నంలో ఉద్యోగం చేసేవాణ్ణి కదా, పద్ధతిగా పోదామని అభ్యర్థుల అఫిడవిట్లు దింపుకున్నాను. నామినేషన్‌తో పాటు ఫారం 26 కింద ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు అన్నీ రాసివ్వాలి. సుప్రీంకోర్టు పుణ్యమా అని 2003 నుంచీ ఓటరుకి దక్కిన హక్కది. మొదటి ఆయనవి పొలాలు, ప్లాట్లు, ఆవిడగారి మెడలో బంగారం గ్రాములతో సహా చదువుకుంటూ పోతే కోట్లు దాటింది. తీరా వాహనాల దగ్గర "లేవు" అని ఉంది. ఊరంతా నల్లకారులో తిరిగే మనిషి! వృత్తి దగ్గర "సమాజసేవ, వ్యవసాయం" అన్నాడు. ఆ రెండింటిలో ఏది అన్ని కోట్లు పండించిందో మాత్రం రాయలేదు.

కేసుల పేజీ తిప్పి మా ఆవిడకి చూపించాను. సెక్షన్లు బారెడున్నాయి.

"అయితే జనంలో తిరిగే మనిషేనండీ" అంది.

రెండో ఆయన పేజీలో ఒక్క కేసూ లేదు.

"చూశారా, గడప దాటని రకం" అంది.

ఇంత సమాచారం అందుబాటులోకి తెచ్చిన ప్రజాస్వామ్యవాదులకు నా సానుభూతి.

వీధి చివర ఇడ్లీ బండి అతని లెక్క మాత్రం వీటన్నిటికన్నా గట్టిది. రెండు కవర్లూ ముట్టాయట. మరెవరికి వేస్తావంటే, "ఒక్కళ్ళే ఇస్తే రుణం సార్. ఇద్దరూ ఇచ్చారు, చెల్లుకు చెల్లు. ఇప్పుడు మనసుకి నచ్చినోళ్ళకి వేసుకోవచ్చు" అన్నాడు. 2022లో మునుగోడు ఉప ఎన్నికప్పుడు తమకు డబ్బు అందలేదని ఓటర్లు రోడ్డెక్కారంటే నవ్వుకున్నాం. వాళ్ళ బాధ నాకిప్పుడు అర్థమైంది. కవరు రాకపోతే స్వేచ్ఛగా ఓటెయ్యడం ఎలా?

ఇక గుర్తుల మహిమ. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు 5,219 ఓట్ల తేడాతో ఓడింది. అక్కడే రోడ్డు రోలరు గుర్తున్న స్వతంత్రుడికి 27 వేల పైచిలుకు పడ్డాయి. కారనుకుని జనం పొరపడ్డారని పార్టీవాళ్ళు లబోదిబోమన్నారు. కొందరైనా తమ ఊరి రోడ్డును తలుచుకుని రోలరుకే వేశారేమోనని నా అనుమానం.

మా అమ్మది వేరే దారి. ప్రచారంలో ఒకాయన మా అరుగు దాకా వచ్చాడు. పక్కన ఓటర్ల జాబితా పట్టుకున్న కుర్రాడు చెవిలో ఏదో ఊదాడు. వెంటనే ఆయన చేతులు జోడించి, "పిన్నిగారూ, మోకాలు ఎలా ఉంది?" అన్నాడు. అమ్మ కరిగిపోయింది. మజ్జిగ ఇచ్చింది. ఆయన అటు వెళ్ళగానే నావైపు తిరిగి, "నువ్వెప్పుడైనా అడిగావురా?" అంది. రెండో ఆయన బండి మీంచే చెయ్యూపి పోయాడు. ఈ ఓటు ఎటు పడుతుందో చెప్పడానికి సర్వే అక్కర్లేదనుకున్నాను.

పోలింగు నాడు జనం పోటెత్తారు. కొన్నిచోట్ల అర్ధరాత్రి దాకా సాగింది. ఎనభై అయిదు దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి ఓటు వేయించారు గానీ, మా అమ్మ ఆ వయసుకి ఇంకా దూరంలో ఉంది. క్యూలో నిలబడే వేసింది.

జూన్ 4న 175 సీట్లలో కూటమికి 164 వచ్చాయి. క్రితంసారి 151 గెలిచిన పార్టీ 11 దగ్గర ఆగింది. టీవీలో ప్రభుత్వ వ్యతిరేకత, పొత్తు, సంక్షేమం, రాజధాని అంటూ కారణాలు ఏకరువు పెడుతున్నారు. అమ్మని అడిగాను, మోకాలు అడిగినాయనకే వేశావు కదా అని.

"వేద్దామనే వెళ్ళాను. గంటన్నర నిలబెట్టారు. మోకాలు సంగతి అంత తెలిసినవాడు ఒక కుర్చీ వేయించొద్దూ?"

"క్యూ ఆయన పెట్టింది కాదమ్మా, ఎన్నికల సంఘం…"

"మరెందుకడిగినట్టు?"

"అయితే ఆ రెండో ఆయనకి వేశావా? ఆయన అసలు బండే దిగలేదుగా!"

"అతను అడగనూ లేదు, కుర్చీ వేయించనూ లేదు. మాటకి కట్టుబడ్డాడు."