దాచుకున్న ఆపరేషన్

నా జీర్ణాశయంలో ముప్పాతిక భాగం ఇప్పుడు లేదు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేయించుకున్నాను. పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, జీర్ణాశయాన్ని నిలువునా కోసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా స్టేపుల్స్‌తో మూసేస్తారు. తీసేసిందాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన పైభాగంలోనే. అందుకేనేమో, ఊహ తెలిశాక మొదటిసారి అన్నం గురించి ఆలోచించకుండా ఒక పూట గడిపాను. షుగరు మాత్రలు తగ్గి, తర్వాత ఆగిపోయాయి. మోకాళ్లు పట్టుకోకుండా మెట్లెక్కాను. ఆ ఆపరేషన్ నాకు మేలే చేసింది.

తెలివితక్కువ పని ఆ తర్వాత చేశాను. పెళ్లిళ్లలో చుట్టాలు మూగి "ఏం చేశావే, ఇంతలా తగ్గావు?" అంటే, "పొద్దున నడక, రాత్రికి కొర్రన్నం" అని చెప్పాను. నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందంటారని భయం. పైగా ఆ మెచ్చుకోలు నాకు నచ్చింది.

ఆ అబద్ధం నిలబడాలని విటమిన్ మాత్రల డబ్బాను బీరువాలో చీరల వెనక పెట్టాను. కంటికి కనపడని మాత్రలు వేసుకోవడం తగ్గి, చివరికి మానేశాను. జీవితాంతం వేసుకోవాలని ఆస్పత్రిలో చెప్పే పంపారు. తిండిలోని బి12 ఒంటికి పట్టాలంటే జీర్ణాశయంలో ఊరే ఆమ్లమూ, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థమూ కావాలి. నాకు ఆ రెండూ తగ్గిపోయాయి. అయితే కాలేయంలో దాచుకున్న పాత బి12 చాలాకాలం వస్తుంది. మానేసినా ఏమీ కావడం లేదని ధీమా పడింది ఆ నిల్వ వల్లే. అది అడుగంటాక అరికాళ్లు తిమ్మిరెక్కాయి. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. మా ఊరి డాక్టరుగారు "ఇంతకుముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా అమ్మా?" అని అడిగారు. పక్కనే తెలిసినావిడ కూర్చుని ఉంది. "లేదండీ" అన్నాను. ఆయన పాత షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయనుకుని మందు రాశారు. నేను చెప్పినదాన్ని బట్టి ఎవరైనా అదే రాస్తారు. అసలు కారణం తెలిసి బి12 ఇంజెక్షన్లు మొదలయ్యేసరికి ఆలస్యమైంది. కాలివేళ్లలో స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు.

ఇది నాకు నేను చేసుకున్నది. మా పిన్ని కూతురికి చేసింది ఇంతకంటే ఘోరం. దానిదీ నాలాంటి ఒళ్లే, షుగరు కూడా ఉంది. నా మాట నమ్మి కొర్రలు వండుకుంది, నొప్పి మోకాళ్లతో నడిచింది. కొంత తగ్గింది, మళ్లీ పెరిగింది. పథ్యంతో బరువు తగ్గినవాళ్లలో గ్రెలిన్ పెరిగి ఆకలి ఇంకా ఎక్కువవుతుంది. నాకు ఆ ఆకలిని కోసి తీసేశారు, అది దాన్ని రోజంతా భరిస్తోంది. "నీకున్న పట్టుదల నాకు లేదక్కా" అని నా ముందు కూర్చుని ఏడ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. పైగా ధైర్యం చెప్పాను.

కాళ్ల సంగతి బయటపడ్డాక ఇక చెప్పక తప్పలేదు. "ఇన్నాళ్లూ నన్ను నేనే తిట్టుకున్నాను కదక్కా" అంది. కాసేపటికి ఒక్కొక్కటే అడిగింది. స్టేపుల్ వేసినచోట లీకయ్యే ప్రమాదం తక్కువే గానీ, లీకైతే ప్రాణం మీదికొస్తుందని చెప్పాను. కొన్ని నెలలు దువ్వెన నిండా జుట్టు ఊడిందనీ, వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు రావచ్చనీ, ఏళ్లు గడిచాక కొంత బరువు తిరిగి రావచ్చనీ చెప్పాను. రాత్రి తినగానే పడుకుంటే గొంతులోకి మంట ఎగదన్నుతుందని కూడా చెప్పాను. మా చెల్లికి ముందునుంచీ ఛాతీలో మంట ఉంది. అలాంటివాళ్లకు స్లీవ్ కంటే గ్యాస్ట్రిక్ బైపాస్ అనే ఆపరేషన్ నయమని చాలామంది సర్జన్లు అంటారు. 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఆసియావాళ్లకు బీఎంఐ 27.5 నుంచే ఈ ఆపరేషన్ సూచించవచ్చన్నాయి. చెల్లి ఆ గీత ఎప్పుడో దాటింది. నేను దాచకపోయుంటే అప్పుడే డాక్టరును అడిగి ఉండేది.

ఇప్పుడు డాక్టరును అడిగితే, ముందు ఎండోస్కోపీ చేయించుకోమన్నారట. ఆపరేషన్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. తోడు వస్తానన్నాను. వద్దని, వాళ్లాయన్ని తీసుకెళ్లింది.