బైండింగైనా చేయించాల్సిందమ్మా!

మా యూనివర్సిటీ చిన్నది. ఎంత చిన్నదంటే, బస్సెక్కి దాని పేరు చెబితే కండక్టరు ఓ క్షణం ఆలోచించి, దాని ఎదురుగా ఉన్న దాబా పేరుతో టికెట్ కొడతాడు. చిన్నదాంట్లో ఒక సుఖముంది. పరిశోధన అంతా కళ్లముందే జరుగుతుంది. జరగని రోజున అది కూడా కళ్లముందే జరగదు.

మామిడికాయలు దిగే వేళకి మాకు ప్రాజెక్టుల సీజను. గైడు అన్న పేరుతో ఏటా ఓ గుంపుని నాకు అంటగడతారు. వాళ్లు టైటిల్ చెప్పడానికోసారి, సంతకానికోసారి కనబడతారు. మధ్యలో వాళ్లని వెతుక్కుంటూ హాస్టలు, క్యాంటీను, గ్రౌండు తిరిగేది నేను. ఆ లెక్కన మా డిపార్ట్‌మెంటులో ఫీల్డ్‌వర్క్ చేస్తున్నవాణ్ని నేనొక్కణ్నే.

సీజను ప్రారంభానికి ఓ ముఖ్య అతిథి వస్తాడు. 1996లో స్టాన్‌ఫోర్డ్‌లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు పరిశోధక విద్యార్థులు మొదలెట్టిన ప్రాజెక్టే ఇవాళ్టి గూగుల్ అని ఏటికాయేడు చెబుతాడు. ఈసారి వెనక బెంచీలో ఒకడు లేచి, "వాళ్లకి పీహెచ్‌డీ వచ్చిందా సార్?" అన్నాడు. ఇద్దరూ మధ్యలోనే వదిలేశారని అతిథికి ఒప్పుకోక తప్పలేదు. "మరి గైడు ఏమీ అనలేదా సార్?" అని వాడే మళ్లీ. ఆ జవాబు కోసం నేనూ కుర్చీలో ముందుకి వంగాను. అంతలో టీ వచ్చేసింది.

మా ఎలక్ట్రానిక్స్ వాళ్లకి ఒక స్మార్ట్ డస్ట్‌బిన్ ఉంది. చేయి దగ్గరికి తెస్తే మూత తెరుచుకోవాలి. ముందున్న సెన్సరు మన చెవికి అందని 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదులుతుంది. అది చేతికి తగిలి తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. దూరం తగ్గితే ఆర్డుయినో బోర్డు మోటారుకి చెబుతుంది, మోటారు మూతెత్తుతుంది. గబ్బిలాలు ఏ బోర్డూ, ఏ గైడూ లేకుండా చేసుకునే పనే. డబ్బా మీద ఈ ఏటి బ్యాచ్ పేర్ల స్టిక్కరు ఓ మూల లేచింది. గోటితో గీకితే కింద పోయినేటి బ్యాచ్, దాని కింద అంతకుముందుది. ఓపిగ్గా తవ్వుకుంటూ పోతే అట్టడుగున, ఇప్పుడు డాలస్‌లో ఇల్లు కొనుక్కున్న కుర్రాడి పేరు తగులుతుంది.

డెమో రోజు ఎక్స్‌టర్నల్ గారు చేయి చాపారు. మూత కదల్లేదు. రెండో చేయీ చాపారు. ఊహూఁ. ఇంతలో మా అటెండరు ఖాళీ టీ కప్పు పారేయడానికి వచ్చాడు. మూత ఠక్కున లేచి నిలబడింది. "పనిచేసేవాళ్లని గుర్తుపడుతుంది సార్" అన్నాడు టీమ్ లీడరు. ఎక్స్‌టర్నల్ గారికి ఆ ఫీచరు బాగా నచ్చింది. ఎంత లేదన్నా అది మా సొంత డబ్బా. చేతిలో డబ్బులాడే పిల్లలైతే హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో దిగుతారు. అక్కడ ప్రాజెక్టు, రిపోర్టు, వైవాలో అడగబోయే ప్రశ్నలు, అన్నీ కలిపి ప్యాకేజీ.

సృజనాత్మక ప్రాజెక్టులంటే మా దగ్గర షార్ట్ ఫిల్ములే. అన్నింట్లోనూ హీరో చివర్లో చచ్చిపోతాడు. క్లైమాక్స్ తీసే వేళకి మిగతా నటీనటులు సెలవులకి ఊరెళ్లిపోయి ఉంటారు మరి.

రాతపనికి యూజీసీ 2018లో కాపీ నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా ఫర్వాలేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మిగతా నిబంధనలెలా ఉన్నా, అందులోని రెండు వెసులుబాట్లు మా పిల్లలకి కంఠతా వచ్చు. వరుసగా 14 పదాల దాకా కలిస్తే యాదృచ్ఛికం కింద వదిలేస్తారు. అందుకని మా ఎంఏ వాళ్ల వాక్యాలు పదమూడో పదం దగ్గర ఆయాసంతో ఆగి, ఓ 'అనగా' తగిలించుకుని మళ్లీ బయల్దేరతాయి. రెండోది, కృతజ్ఞతల పేజీని లెక్కలోకి తీసుకోరు. దోపిడీ అంతా అక్కడే. ఒకమ్మాయి రిపోర్టులో 'నా ధర్మపత్ని సహకారం మరువలేనిది' అని ఉంది. ఆవిడెవరని నేనడగలేదు, తను చెప్పలేదు.

ఇక డిగ్రీ పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది కాగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టని 180 గంటలు ఊళ్లమీద తిరగాలి. మా సీమలో కాగితం పట్టుకొచ్చినవాళ్లంతా ప్రభుత్వమే. "ఏం నాయినా, ఇల్లు వస్తాదా?" అంటుంది ఒకవ్వ. "ఆదాయం తక్కువ రాసుకో పాపా, లేకుంటే కార్డు పోతాది" అంటాడు ఇంకొకాయన. తెలివైనవాళ్లు ఈ తిప్పలేవీ పడరు. నాలుగు రకాల పెన్నులు ముందేసుకుని, హాస్టల్లో రాత్రికి రాత్రి ఊరంతా నింపేస్తారు. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ మరుగుదొడ్డి ఉంటుంది, ఒక్కడూ తాగడు.

అలాంటి కట్టల మధ్య ఒకమ్మాయి లాంగ్ నోట్‌బుక్ పెట్టింది. ఇచ్చిన ప్రశ్నల కాగితం బస్సులో పోయిందట. ఏం అడగాలో తోచక, ఏ గడప తొక్కినా జనం వాళ్లంతట వాళ్లే చెప్పుకునే కథ రాసుకొచ్చింది. బోరు కథ. ఎప్పుడు వేశారు, ఎన్నడుగులు పోయారు, ఎన్నించుల నీళ్లు పడ్డాయి, ఎన్నాళ్లకి ఎండింది, అప్పెంత, వడ్డీ ఎంత. వెయ్యడుగులు దాటి దుమ్ము తప్ప ఏమీ రాని బోర్లకి పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఒక సున్నా పక్కన, 'ఈయన చెప్తుంటే వాళ్లావిడ లేచి లోపలికి పోయింది' అని ఉంది. చివరి గడి పేరు 'పాయింటు చూపిందెవరు'. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగేవాడా, వేపపుల్లవాడా, మిషను తెచ్చిన జియాలజిస్టా? ఎవరు చూపినచోట నీళ్లు పడ్డాయో కూడా కూడి పెట్టింది. ఆ మొత్తాలు ఇక్కడ రాస్తే మా జియాలజీ శాఖవాళ్లు నాతో టీ తాగడం మానేస్తారు.

వైవాలో ఎక్స్‌టర్నల్ గారు నోట్‌బుక్‌ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో హైపాథసిస్ ఎక్కడుందమ్మా?"

"టెంకాయే సార్."

"రెఫరెన్సులు?"

"రిగ్గు లారీ డ్రైవరు సార్. ఆయన దగ్గర డైరీ ఉంది."

ఆయన చాలాసేపు ఆలోచించి, "బైండింగైనా చేయించాల్సిందమ్మా" అన్నారు. ఎర్ర రెక్సిన్ మీద బంగారు అక్షరాలు కొట్టించిన రిపోర్టుకి ఆ రోజు మొదటి మార్కులు. ఎవరూ తాగని ఆ ఊరిదే. ఈ అమ్మాయికి బొటాబొటి పాసు మీద నాలుగు మార్కులు వేయించడానికి నేను భోజనం మానుకుని వాదించాల్సొచ్చింది. నా చేతిమీదుగా వెళ్లిన రిపోర్టుల్లో ఆఖరి పేజీ దాకా చదివింది అదొక్కటే.

కాబట్టి వచ్చే వేసవిలో తలమీద చున్నీ కప్పుకుని ఎవరైనా అమ్మాయి కాగితాలతో మీ గుమ్మం ముందు నిలబడితే, ఇల్లు వస్తుందా అని అడక్కండి. రాదు. ఓ గ్లాసు మజ్జిగ ఇవ్వండి. ఆదాయం మాట మీ ఇష్టం, బోరు లోతు మాత్రం సరిగ్గా చెప్పండి.