ముద్ర పడని ఫారిన్

తిరుగు ప్రయాణం నేల మీదే చేద్దామన్నది నేనే. మా ఆవిడ చెప్పేలోపు నేనే చెప్పేసుకుంటే కాస్త మర్యాద దక్కుతుందని ముందే చెబుతున్నాను. ఆవిడ చెప్పే పద్ధతి వేరు. అందులో నేనుండను, 'ఈ మహానుభావుడు' ఉంటాడు.

వేసవి సెలవుల్లో ఖాట్మండు వెళ్ళాం. పిల్లలకి మంచుకొండలు, మా ఆవిడకి పశుపతినాథుడు, నాకు ఫారిన్. మా ఆఫీసులో సింగపూర్ చూసొచ్చినవాళ్ళున్నారు, దుబాయ్ చూసొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ మధ్య కూర్చుని టీ తాగడం ఎంత కష్టమో మీకూ తెలిసే ఉంటుంది. వెళ్ళేటప్పుడు విమానం. వచ్చేటప్పుడు మాత్రం సరిహద్దులోని సునౌలీ దాకా బస్సు, అక్కణ్ణుంచి గోరఖ్‌పూర్, గోరఖ్‌పూర్‌లో విజయవాడకి రైలు. "విమానంలో మబ్బులు తప్ప ఏం కనపడతాయి? దేశం చూడాలంటే నేల మీదే పోవాలి" అని ఉపన్యాసం ఇచ్చాను. నలుగురికీ విమానం టిక్కెట్లు ఎంతవుతాయో చూశాక పుట్టిన జ్ఞానం అదని మా అమ్మాయి కనిపెట్టేసింది. ఇంటర్ చదువుతోంది. లెక్కలు బాగా వచ్చు, దానిలో లోపం అదొక్కటే.

బయల్దేరే ముందు రోజు మా ఆవిడ అసన్ బజార్లో రెండు లావుపాటి కంబళ్ళు కొంది. బెజవాడలో, మే నెలలో, కంబళి! నేను నవ్వి నవ్వి గోడకి ఆనుకున్నాను. బేరం ఆవిడే ఆడింది, అదీ తెలుగులో. కొట్టతను ధర చెప్పగానే "ఐసీయా, ఎన్సీయా?" అంది. అక్కడ మన డబ్బుని ఐసీ అంటారు, వాళ్ళ డబ్బుని ఎన్సీ అంటారు. మన నూరు వాళ్ళకి నూట అరవై. 1993 నుంచీ అదే లెక్క. ఈ చరిత్ర అంతా ఇంట్లోవాళ్ళకి చెప్పింది నేనే. అంతకుముందు నా అంతట నేను వెళ్ళి ఒక శాలువా కొన్నప్పుడు మాత్రం, ఎన్సీలో చెప్పిన ధరకి ఐసీ నోట్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఆ కొట్టతను లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేపాలీల మర్యాద చూడండని హోటల్లో అందరికీ చెప్పాను కూడా.

బస్సు నాగ్‌ఢుంగా దగ్గర లోయ దాటి కిందికి దిగింది. పక్కనే త్రిశూలి నది, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కానీ నా దృష్టంతా నడుం మీద ఉంది. రోడ్డు వెడల్పు చేస్తున్నారు. బస్సు ఒక గుంటలో దిగి రెండో గుంటలో లేస్తోంది. కురింతార్ రాకముందే నాకు కంబళ్ళ మీద గౌరవం కలిగింది.

"అదొకటి ఇలా ఇవ్వు."

"ఏది?"

"అదే."

"అదే అంటే ఏదండీ?"

"కంబళి."

"మే నెలలోనా?"

పిల్లలిద్దరూ కిటికీవైపు తిరిగారు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

కురింతార్‌లో మనకామన అమ్మవారి కొండకి తీగబండి ఉంది, 1998 నుంచీ నడుస్తోంది. భోజనాలకి బస్సు ఆ దగ్గర్లోనే ఆపారు. దాల్ భాత్ వడ్డించేవాళ్ళు చాలన్నా వినరు, అందుకని నేనూ చాలనలేదు. ఈలోగా మావాడు టిక్కెట్ల రేట్లు చదివి పరిగెత్తుకొచ్చాడు. "నాన్నా, మేకలకి కూడా టిక్కెట్టుంది! కానీ వెళ్ళడానికే. రావడానికి లేదు!" అమ్మవారి దగ్గరికి వెళ్ళిన మేక ఎందుకు తిరిగి రాదో పిల్లాడికి నెమ్మదిగా ఎలా చెప్పాలా అని నేను ఆలోచిస్తుంటే మా ఆవిడ అందుకుంది: "మనకీ మీ నాన్న ఒకవైపు టిక్కెట్లే కొన్నారు కదరా."

నారాయణ్‌గఢ్, బుట్వల్ దాటాం. కొండలు అయిపోయాయి, ఎండ మొదలైంది, కంబళి నా కింద అలాగే ఉంది. దానికింక చెప్పేదేం లేదు.

సునౌలీ దగ్గరికొచ్చేసరికి నేను నిటారుగా కూర్చున్నాను. నా ఆశంతా అక్కడే ఉంది. పాస్‌పోర్టులో పరాయి దేశం ముద్ర ఒక్కటి పడాలి, అది ఆఫీసులో పొరపాటున టేబుల్ మీద తెరుచుకోవాలి. ఖాట్మండు విమానాశ్రయంలో వేయలేదు. ఇక్కడైనా వేయకపోతారా అని ఫైలు సిద్ధం చేసుకున్నాను. పాస్‌పోర్టులు, వాటి జిరాక్సులు, ఆ జిరాక్సుల మీద నా సంతకాలు. ఎవరైనా ప్రశ్నలడిగితే చెప్పడానికి హిందీ జవాబులు దారంతా వల్లె వేశాను.

అక్కడ చూస్తే జనం సంతకి పోతున్నట్టు సైకిళ్ళ మీద, రిక్షాల మీద అటూ ఇటూ పోతున్నారు. మనవాళ్ళనీ నేపాలీలనీ ఆపేదే అరుదు. మా ఆవిడ రెండు సంచులు, కంబళ్ళు, ఇద్దరు పిల్లలతో సహా గేటు దాటి నడుచుకుంటూ ఇండియాలోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం ఇమిగ్రేషన్ ఆఫీసులో ఒక తెల్లవాళ్ళ జంట వెనకాల నిలబడ్డాను. వాళ్ళకి ధన్‌మని ముద్ర వేశారు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా వంతు వచ్చాక ఆ ఆఫీసరు పాస్‌పోర్టు అట్ట చూసి, తెరవకుండానే తిరిగిచ్చేశాడు. భారతీయులకి అక్కర్లేదు, వెళ్ళండి అన్నాడు. అక్కర్లేదని నాకూ తెలుసు, కానీ కావాలి అన్నాను. చిన్నదైనా పర్లేదన్నాను. ఆయన నా వెనకాల ఉన్నవాణ్ణి పిలిచాడు.

అప్పుడే ఇండియాలోంచి కేక వినిపించింది. "ఏవండీ! టీ చల్లారిపోతోంది!"

నేపాల్ టైము మనకంటే పావుగంట ముందు. ఆ లెక్కన ఆవిడ గడియారంలో నాకంటే పావుగంట వెనక ఉంది. టీ దగ్గర మాత్రం నాకంటే ముందుంది.

గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం గురించి పిల్లలకి ముందే ఊరించి ఉంచాను. 1366 మీటర్లు, ప్రపంచంలోకెల్లా పొడవైనది. "హుబ్బళ్ళిది 1507 నాన్నా, 2023లోనే ఇది రెండోదైపోయింది" అన్నాడు మావాడు. మా బోగీ ఆ చివర ఆగుతుందని తెలిశాక, కంబళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే నాకు మాత్రం ఇదే మొదటిదనిపించింది.

రైల్లో ఎదురు సీటాయనది వరంగల్. "కాశీ నుంచా?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, "కాదండీ, నేపాల్. ఫారిన్" అన్నాను. "ఓ, ముక్తినాథా? మా అమ్మ పోయొచ్చింది, యాత్ర బస్సుల" అన్నాడు. ముక్తినాథ్ 3,700 మీటర్ల ఎత్తున ఉంటుంది. నేను 1,400 మీటర్ల ఖాట్మండులోనే హోటల్ మెట్లెక్కలేక రోజూ లిఫ్టు కోసం నిలబడ్డవాణ్ణి. బల్లార్షా దాటి స్టేషన్ల పేర్లు తెలుగులోకి వచ్చేదాకా నిద్రపోతున్నట్టు నటించాను.

ముద్ర లేకపోతే పోయింది, కనీసం చేతి గడియారమైనా నేపాల్ టైములోనే ఉంచుకుందామనుకున్నాను. ఎవరో ఒకరు "అదేంటండీ, మీది పావుగంట ముందుంది?" అనకపోరు, అప్పుడు మొదలుపెట్టొచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. పైగా పొద్దున్నే చేతికేసి చూసి కంగారుపడి పరిగెత్తడం, ఆఫీసుకి చేరాక సంగతి గుర్తు రావడం. మేనేజరు మొన్న అందరి ముందూ నా సమయపాలన మెచ్చుకున్నాడు. ఇంక లాభం లేదని రాత్రి ముల్లు వెనక్కి తిప్పబోతే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"దాన్ని ముట్టుకోకండి. పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి వేళకి వెళ్తున్నారు."

నిన్న చూద్దును కదా, హాల్లో గోడ గడియారం కూడా పావుగంట ముందుంది.