కుడితిని కరెంటుకు వెండి తీగ

కుడితినిలో 1,700 మెగావాట్ల థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ పుట్టిన కరెంటు గ్రిడ్డులో కలిసి, సబ్‌స్టేషన్లు దాటి, వీధి మూల ట్రాన్స్‌ఫార్మరు దాకా వస్తుంది. పక్కింటి మిక్సీనీ ఎదురింటి బోరు మోటారునూ పలకరించి మన మీటర్లో దూరుతుంది. కిలోమీటర్ల కొద్దీ ఏమీ కాని ఆ కరెంటు, గోడ ప్లగ్గుకీ ఆంప్లిఫయరుకీ మధ్య ఆఖరి రెండు గజాల్లో మైలపడుతుందట! అందుకే బళ్లారి ఆడియో భక్తులు వెండిపూత పవర్ కార్డు తెప్పించుకుంటారు. ధర అడక్కండి, ఆ డబ్బుకు సెకండ్ హ్యాండు బుల్లెట్ బండి వస్తుంది.

కొత్త తీగ వెంటనే పలకదట కూడాను. 200 గంటలు వాయిస్తే గాని 'విచ్చుకోదు' అంటాడు అమ్మేవాడు. నచ్చకపోతే వాపసుకు గడువు ఏడు రోజులు, అంటే 168 గంటలు. లెక్క తెలిసినవాడే!

ఇనుప ఖనిజం లారీలు రాత్రింబవళ్లు తిరిగిన రోజుల్లో ఈ జిల్లాలో కొందరు డబ్బును హెలికాప్టర్ల మీద పెట్టారు, కొందరు స్పీకర్ల మీద. 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపించాక హెలికాప్టర్ల చప్పుడు తగ్గింది. స్పీకర్లవాళ్లు మాత్రం తగ్గలేదు. వాళ్లు పరీక్షకు పెట్టే పాట అరియక్కుడి రామానుజయ్యంగారిది. కళ్లు మూసుకుని, చెయ్యి గాల్లో ఆడిస్తూ, 'చూడండి స్వామీ, ఎడమ పక్క మృదంగం, కుడి పక్క వయొలిన్, నట్టనడుమ అయ్యంగారు' అంటారు. అది రేడియోవాళ్ల పాత మోనో టేపు. రెండు పెట్టెల్లోంచీ వచ్చేది ఒకటే శబ్దం. విద్వాంసులను అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టింది భక్తుడి ఖర్చు.

మామూలు సీడీలో సెకనుకు 44,100 శబ్ద నమూనాలు ఉంటాయి. మంచి వయసులో ఉన్న చెవి వినగలిగే 20 వేల హెర్ట్జ్‌కు అది చాలు. అరవై దాటినవాళ్లలో చాలామందికి 12 వేలు అందడమే గగనం. ఆ వయసు భక్తులు మాత్రం 1,92,000 నమూనాల ఫైళ్లే కావాలంటారు. ఆ పైమెట్టు స్వరాలన్నీ బాగానే ఉంటాయి, గబ్బిలాలు మెచ్చుకుంటాయి.

ఎల్పీ భక్తులది వేరే మఠం. రికార్డు మీద వెల్వెట్ బ్రష్షు ఒక్క చుట్టు తిప్పితే అంచున సన్నగా ఎర్రగీత మిగులుతుంది, అది మన ఖనిజ ధూళి. వాళ్లు దాన్నయినా సహిస్తారు గాని, డిజిటల్ సోకితే సంగీతం చచ్చిపోతుందంటారు. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే కంపెనీ ఎల్పీలను ఈ మఠంవాళ్లు ఏళ్ల తరబడి నెత్తిన పెట్టుకున్నారు. 2022లో ఆ కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు: చాలా రికార్డుల తయారీలో ఒక మెట్టు డిజిటలే, అదీ 2011 నుంచి. అన్నేళ్లు ఏ బంగారు చెవీ పసిగట్టలేదు. బయటపడ్డాక మాత్రం చాలామందికి ముందునుంచీ అనుమానమే!

ఈ తీగలూ పెట్టెలూ లేని రోజుల్లో ఈ బళ్లారిలోనే ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ పెట్టి తెలుగు నాటకానికి పాటలు మప్పారు. 1912లో ఆయన పోయేనాటికి మన సభల్లో మైకన్నదే లేదు. వెనక బెంచీవాడికీ పాట వినపడేలా పాడటం పాడేవాడి పూచీ. వినేవాడు చేయాల్సిందల్లా ఓపిగ్గా కూర్చోవడమే.

ఆ కూర్చోవడమే మన ఆడియో భక్తులకు కుదరదు. రాఘవ కళామందిరంలో కచేరీ ఉంది రమ్మంటే మైకు సెట్టువాడి పెట్టెల్లో బేస్ దడదడలాడుతుందంటారు, హాల్లో ప్రతిధ్వని అంటారు. తీగ మార్చినప్పుడు తేడా కళ్లకు గంతలు కట్టుకుని చెప్పగలరా అంటే, పరీక్ష పెడితే చెవి బెదురుతుందట. వచ్చే నెల ఆంప్లిఫయరు కిందికి గ్రానైటు పలక వస్తోందనీ, అది వేశాక మళ్లీ రమ్మనీ మాకు కబురు. అయ్యంగారు ఇంకో జానెడు ముందుకు జరిగి కూర్చుంటారట.